వాషింగ్ మెషీన్‌లో పెళ్ళిబాజా

నెబ్రాస్కాలో మా డోబ్రావా పెద్దవీధిలో, మంగలికొట్టుకీ దాణాకొట్టుకీ మధ్య, వాయిద్యాలూ ఇంటి యంత్రాలూ అమ్మే దుకాణం మీద "జెలినెక్ అండ్ సన్స్" అని బంగారురంగు అక్షరాలుండేవి. సన్స్ ఎవరూ లేరు. మాతేయ్ జెలినెక్ ఆ బోర్డు రాయించిన నాటికి ఆయన భార్య బార్బొరాకి నెలలు నిండాయి. పుట్టబోయేది కొడుకేననీ, ఆ తరవాత పుట్టేదీ కొడుకేననీ ఆయనకు గట్టి ధీమా. బోర్డు మీద రంగు ఆరకముందే ఆల్బీనా పుట్టింది. ఆ తరవాత ఎవరూ పుట్టలేదు. బోర్డు దింపించమని ఎవరైనా అంటే మాతేయ్ ఎగాదిగా చూసి, "ఇద్దరు మగపిల్లల పని చేస్తోంది కదరా మా అమ్మాయి, ఇంక అందులో తప్పేముంది?" అనేవాడు.

కూతురి మీద మురిపెం కొద్దీ అన్నమాట కాదది. ఆల్బీనా చేసిన పనులు వరసగా చెప్పుకుపోతే సాయంత్రమైపోతుంది. ఇంకా గౌన్లు వేసుకునే వయసులోనే, ఈస్టరు పండగ పూజకి గంట ముందు, గుడి ఆర్గన్ గొట్టంలో దూరి ఎలుకగూడు బయటికి లాగింది. పిల్లలతో సహా లాగింది. ఆ రోజు ఆర్గన్ మోగినట్టు మళ్ళీ మోగలేదని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పక్కన జర్మన్ల ఊరుంది. సంగీతమంటే తమదేననుకునే మనుషులు. వాళ్ళ ఊరికి ఒంటరిగా బండి తోలుకెళ్ళి, వాళ్ళకే అకార్డియన్ అమ్మి, తిరుగుదారిలో వాళ్ళ చేతే బండికి చక్రం బిగించుకుని వచ్చింది. మా జిల్లాలో మగవాళ్ళెవరైనా చేశారేమో చెప్పమనండి.

కరెంటు తీగలు అప్పట్లో ఊరి చివర ఆగిపోయేవి. పొలాల మీది ఇళ్ళకి దీపం లేదు, ఫ్యాను లేదు. అందుకని పెట్రోలు ఇంజనుతో నడిచే వాషింగ్ మెషీన్ వచ్చింది. దాన్ని ఎవరూ నమ్మలేదు. ఆల్బీనా ఏం చేసింది? సరిగ్గా నూర్పిళ్ళవేళ మెషీన్‌ని కళ్ళంలోకి దింపి, కూలీలందరినీ ఒంటిమీది బట్టలు విప్పి ఇమ్మంది. పదిమంది మీసాలవాళ్ళు దుప్పట్లు చుట్టుకుని గడ్డివాము పక్కన పెళ్ళికూతుళ్ళలా తలలు వంచుకు కూర్చున్నారు. ఆడవాళ్ళందరూ పనులు మానుకుని చూడటానికి వచ్చారు. మెషీన్ని చూడటానికి వచ్చారో, మీసాలవాళ్ళని చూడటానికి వచ్చారో గాని ఆ వారమే మూడు మెషీన్లు అమ్ముడుపోయాయి.

ఇదంతా మంచికాలంలో. ఆ తరవాత గడ్డురోజులొచ్చాయి. బ్యాంకులు మూతపడ్డాయి. వాన ముఖం చాటేసింది. మొక్కజొన్న బొగ్గుకంటే చవకైపోతే అందరూ పొయ్యిలో మొక్కజొన్నే కాల్చారు, ఊరంతా పేలాల వాసన. అలాంటప్పుడు పియానో ఎవరు కొంటారు? ఆల్బీనా పియానోకి ఆవుని పుచ్చుకుంది. అకార్డియన్‌కి బండెడు మొక్కజొన్న కంకులు పుచ్చుకుంది. వయొలిన్‌కి ఒకాయన పెరట్లో బావి తవ్విపెట్టాడు. అమ్ముడుపోని ఫ్రిజ్ ఒకటి మిగిలితే, దాన్ని మేడమీద వంటింట్లో పెట్టి తల్లికిచ్చింది. డోబ్రావా మొత్తానికి అదొక్కటే ఫ్రిజ్. వేసవి శనివారాల్లో పొలాల నుంచి వచ్చిన పిల్లలు మెట్ల మీద వరసకట్టి, ఒక్కొక్కరూ దానిలో తల పెట్టి తీసేవారు. ఎవరినీ కాదనలేదు. చుట్టుపక్కల దుకాణాలన్నీ తలుపులు మూసినా జెలినెక్ దుకాణం ఒక్క పూటైనా మూయలేదు.

అన్నిటికన్నా పెద్ద గొప్ప ఇంకొకటుంది. మాతేయ్ తండ్రి నాటి నుంచీ మా చుట్టుపక్కల జెలినెక్‌ల బాజా లేకుండా పెళ్ళి జరగలేదు. మాతేయ్‌కి చెవుడు వచ్చినా అకార్డియన్ వేళ్ళతోనే వినేవాడు. ఆల్బీనాది ఫిడేలు. ఆమె భర్త తోనిక్‌ది పెద్ద బాకా. ఆ బాకా కొనడానికే అతను మొదట దుకాణానికి వచ్చాడు. కొనలేక రోజూ వచ్చి తుడిచి పెడుతుంటే, చూసి చూసి ఆల్బీనాయే, "రెండూ తీసుకో, బాకాని, నన్నూ," అంది.

పంతొమ్మిదివందల ముప్పైయారు చలికాలం ఎలాంటిదో మా తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి ఆఖరి మంగళవారం రెండు పెళ్ళిళ్ళు పడ్డాయి. మర్నాడు విభూది బుధవారం. అక్కణ్ణుంచి ఈస్టరు దాకా తపస్సు కాలం, బాజా మోగకూడదు, ఆట ఆడకూడదు. అందుకే ఉన్న పెళ్ళిళ్ళన్నీ ఆ వారంలోనే తోసుకొస్తాయి. పొద్దున్న ఊళ్ళో పెళ్ళి. సాయంత్రం ఉత్తరాన పొలాల మీద వొండ్రాగారి రూజెనా పెళ్ళివిందు. అక్కడ గుళ్ళో పొద్దున్నే ప్రమాణాలు అయిపోయాయి. చుట్టుపక్కల పొలాలవాళ్ళు మంచుబండ్ల మీద చేరిపోయారు. ఊళ్ళో పెళ్ళి ముగించుకుని బాజావాళ్ళు వెళ్ళడమే తరువాయి.

మధ్యాహ్నం గాలి లేచింది. రైలుకట్ట దగ్గర దారి మొత్తం మంచుతో పూడిపోయింది. బాజావాళ్ళ ట్రక్కు దిగబడితే తోనిక్ దిగి చూసి వచ్చాడు.

"నా ఛాతీదాకా ఉంది ఆల్బీనా," అన్నాడు. "నా ఛాతీ అంటే నీ తల."

"నన్ను భుజాన వేసుకో."

"నిన్ను వేసుకుంటా. మీ నాన్నని వేసుకుంటా. బాకా ఎవరు మోస్తారు?"

వెనక్కి వచ్చి దుకాణంలో అడుగుపెట్టేసరికి గోడమీద టెలిఫోను తెగ మోగుతోంది. ఎత్తితే అటునుంచి పెళ్ళికూతురి ఏడుపు.

"ఆల్బీనా అక్కా! ఎక్కడున్నారు?"

"కొట్లోనే ఉన్నామే. దారి పూడిపోయింది."

"అయ్యో దేవుడా! జోఫీ మామ్మ అప్పుడే చెప్పులేసుకుంటోంది!"

జోఫీ మామ్మంటే పెళ్ళికొడుకు లాద్యాకి నాయనమ్మ. ఇల్లు కంచెకి అవతలే. మనిషి గుప్పెడంత ఉంటుంది, మాట మాత్రం రైలుకూతే. మా పెళ్ళిళ్ళలో ఆఖరి వేడుక తలగుడ్డ ఆట. పెళ్ళికూతురి ముసుగు తీసి, ఇల్లాలి తలగుడ్డ కట్టి, ఆడవాళ్ళందరూ ఆమెతో తలా ఒక చుట్టు తిరగాలి. అది కాకుండా కోడలు గడప దాటడానికి వీల్లేదని మామ్మ పట్టు.

"ఇవాళ కాకపోతే ఇంక ఈస్టరుకేనట అక్కా!" అంది రూజెనా. "అప్పటిదాకా లాద్యా కంచెకి అవతల, నేను ఇవతల!"

"పోనీ కంచె మీంచి చూసుకోండే."

"మంచు కంచె పైదాకా ఉందక్కా! నువ్వు నవ్వకు!"

"నవ్వట్లేదు. అక్కడ వాయించేవాళ్ళు ఒక్కరూ లేరా?"

"మా పెదనాన్న నోటిబాజా తెచ్చాడు. ఆయనకొచ్చింది ఒకటే పాట, సైనికుల్ని పూడ్చేటప్పుడు వాయించేది. పోనీ రేడియో పెడదామని పెట్టాం. ఒమాహా స్టేషన్‌వాడు పందుల ధరలు చదువుతున్నాడు. మామ్మ కర్ర నేలకేసి కొట్టి, 'నా మనవడి పెళ్ళాన్ని పందుల ధరలకి తిప్పుతారా?' అంది. ఆ మాటకి రేడియో కూడా భయపడి చచ్చిపోయింది. బాటరీ అయిపోయింది."

ఆల్బీనా రిసీవర్ పట్టుకుని దుకాణం నలుమూలలా చూసింది. తండ్రి అకార్డియన్ మీది మంచు దులుపుతున్నాడు. తోనిక్ బాకాలోంచి మంచు వంచుతున్నాడు. ఈస్టరు దాకా ఆ పిల్ల కంచె దగ్గర నిలబడి ఏడిస్తే, జెలినెక్‌లు రాకపోబట్టేనని ఆ కంచె కూడా చెబుతుంది. తాత కాలం నుంచి లేని మాట ఇప్పుడొస్తుందా?

"ఏడవకు. ఫోను పెట్టకు. ఫిలొమీనా, ఏడో తీగ ఇలాగే కలిపి ఉంచు," అంది.

"కలిపే ఉంచాను," అంది ఎక్స్‌ఛేంజిలో ఫిలొమీనా. "ఎక్కడికీ వెళ్ళలేదు. పాపం, ఆ పిల్ల రేడియో మాట చెబుతుంటే నవ్వాపుకోలేక చచ్చాను."

ఆల్బీనా తండ్రిని గోడ దగ్గరికి లాక్కొచ్చి, అకార్డియన్‌ని ఫోను మాటలగొట్టానికి ఎదురుగా పెట్టించి, తోనిక్‌ని ఆ వెనక నిలబెట్టి, "వాయించండి!" అంది. వాయించారు.

"ఎలా ఉందే?"

"దోమ పాడుతున్నట్టుంది అక్కా."

ఎందుకుండదు? ఒకే తీగ మీద అన్ని ఇళ్ళూ ఉంటాయి. ఒక్కొక్కరూ ఫోనెత్తేకొద్దీ అవతలికి చేరే గొంతు సన్నబడిపోతుంది. మా ఊళ్ళో పక్కవాళ్ళ ఫోను వినడం తప్పేం కాదు. వినకపోతే పొగరనుకునేవారు. అల్లిక పని ఒళ్ళో పెట్టుకుని, రిసీవర్ తలగడ మీద ఆనించి, హాయిగా వినేవాళ్ళు. అందులోనూ పెళ్ళి, పైగా పెళ్ళికూతురు ఏడుస్తున్న పెళ్ళి! వదులుతారా ఎవరైనా?

"ఏడో తీగ మీదున్న తల్లులూ, తండ్రులూ," అంది ఆల్బీనా, "మీకు దణ్ణం పెడతాను. అందరూ ఫోన్లు పెట్టేయండి."

ఎక్కడా టిక్కుమన్న చప్పుడు లేదు. కాసేపటికి ఫిలొమీనా, "అందరూ పెట్టేశారు ఆల్బీనా," అంది.

"అవునమ్మా, అందరం పెట్టేశాం," అంది ఇంకెవరిదో మగగొంతు.

ఆల్బీనా చేత్తో అందరినీ నోరు మూసుకోమని సైగ చేసి, రిసీవర్ చెవికి గట్టిగా అదుముకుంది. పాతికేళ్ళుగా ఆ ఇళ్ళలోకి పియానోలు, గడియారాలు, రేడియోలు దింపిన మనిషి. వాటిలో ఆమె చేతి కింద మరమ్మతు కానిది లేదు. వాటి దగ్గు, మూలుగు అన్నీ తెలుసు. అవతల ఎక్కడో ఒక కోకిల నాలుగుసార్లు కూసింది.

"టెరెజీ అత్తయ్యా," అంది. "మూడున్నరకే నాలుగు కూసే కోకిల గడియారం ఈ జిల్లాలో మీ గోడ మీద ఒక్కటే ఉంది. దుకాణానికి పంపండి బాగుచేస్తానని ఎన్నిసార్లు చెప్పాను?"

"నేను వినట్లేదమ్మా," అంది టెరెజీ అత్తయ్య. "చలిగా ఉందని ఊరికే చెవికి ఆనించుకున్నాను." టిక్కుమని పెట్టేసింది.

"ఫ్రాంటా బాబాయ్, నీ అకార్డియన్ తిత్తికి చిల్లుంది. అది నీ ఒళ్ళోనే ఉంది. నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా అదీ తీస్తోంది."

"మీరు మొదలెడితే నేనూ వెంట అందుకుందామని," అంది ఇందాకటి మగగొంతు, బిక్కమొహం కనబడేలా.

"రేపు ఈస్టరుకి అందుకుందువుగాని. పెట్టు."

టిక్కు. ఆ వెనకే అడగకుండానే ఇంకో రెండు టిక్కులు. పేర్లు బయటికి రాకముందే మర్యాదగా తప్పుకున్నవాళ్ళు. ఆల్బీనా మళ్ళీ విన్నది. ఎక్కడో సన్నగా పందుల ధరలు.

"ఈ తీగ మీద ఇంకా బతికున్న రేడియో ఒక్కటే ఉంది. మొన్న శనివారం బాటరీ చార్జి చేసి నేనే పంపాను," అంది. ఆ మాటంటూనే గొంతు తగ్గించి, "దణ్ణాలు ఫాదర్ గారూ," అంది.

కాసేపు పందులు మాత్రమే మాట్లాడాయి.

"దీవెనలు తల్లీ," అన్నారు ఫాదర్ గారు. "పన్నెండు కొట్టగానే బాజా ఆపారో లేదో చూడాల్సిన బాధ్యత నా మీద ఉంది కదా."

"ఇంకా మూడున్నరేనండి."

"ఆలస్యమవకూడదని ముందే కూర్చున్నాను." టిక్కు.

ఇంత చేసినా రూజెనా గొంతు ఇంకా నూతిలోంచి వస్తున్నట్టే ఉంది. ఇంకెవరో ఉన్నారు. ఆల్బీనా ఊపిరి బిగబట్టింది. గుర్ర్... గుర్ర్... అని ఒకే శ్రుతిలో సాగే మోత ఏదో వినిపించింది. ఇంజను కాదు, గాలి కాదు. కరెంటు మోటారు. ఏడో తీగ పొడవునా ఏ ఇంట్లోనూ కరెంటు లేదు. ఉన్నది ఊళ్ళోనే. ఊళ్ళో ఫ్రిజ్ ఉన్నది...

ఆల్బీనా తలెత్తి పైకప్పుకేసి చూసి, "అమ్మా!" అని అరిచింది.

ఆ అరుపు ఫోనులోంచీ వెళ్ళింది, మెట్ల మీంచీ వెళ్ళింది. బార్బొరా మేడమీది ఫోను ఠక్కున పెట్టేసి, పిండి చేతులతో మెట్లు దిగొచ్చింది.

"కొలాచీ రొట్టెలు ఆరబెట్టి ఊరికే కూర్చోలేక ఎత్తానే," అంది. "కన్నతల్లి మీద అందరి ముందూ అలా అరుస్తావా?"

"అందరూ ఎక్కడున్నారమ్మా, ఇప్పుడే కదా తోలేశాను!"

మాతేయ్‌కి ఇదేదీ వినబడలేదు. "మళ్ళీ వాయించనా?" అన్నాడు. వాయించాడు.

"ఇప్పుడు దోమ కాదక్కా!" అని కేకేసింది రూజెనా. "కందిరీగ!"

కందిరీగకి పెళ్ళివారు ఆడలేరు. రిసీవర్ ఎవరి చెవికి పెడితే వాళ్ళ ఒక్కరికే వినబడుతుంది. ఆల్బీనా పెదవి కొరుక్కుంటూ పక్కకి చూసింది. పక్కనే అమ్మకానికి పెట్టిన వాషింగ్ మెషీన్ ఉంది. కొనేవాళ్ళకి చూపించేటప్పుడు దాని సత్తు తొట్టి మీద వేలి కణుపుతో కొట్టి, "ఇదిగో, గుడిగంట!" అనడం ఆమెకి అలవాటు. ఇప్పుడూ అలవాటుగా కొట్టింది. తొట్టి ఖంగుమంది.

"రూజెనా! మీ నాన్న మొన్న పెయ్యనిచ్చి పట్టుకెళ్ళిన నీ పెళ్ళికానుక ఎక్కడుందే?"

"వంటింట్లో. ఎందుకు?"

"నలుగురు మగవాళ్ళని పిలు. మెషీన్ని ఫోను దగ్గరికి మోయించు. రెండు కుర్చీల మీదికెత్తి, మూత తీసి, రిసీవర్ లోపల వేలాడదీయండి. తొట్టిలో నీళ్ళేం లేవు కదా?"

"నీళ్ళు లేవు. మంచు వేసి బీరు సీసాలు పెట్టాం."

"తీసి తాగేయమను. త్వరగా!"

ఇంత ఇష్టంగా ఆ ఇంట్లో ఎవరూ ఏ మాటా విని ఉండరు. అవతల ఒక్కసారిగా కేరింతలు, సీసాల గలగల, కుర్చీల ఈడ్పు, "అటు పట్రా, నీ అబ్బ! నా కోటు తోక రోలర్లో ఇరుక్కుందిరా!" అని ఎవరిదో గోల, దానిమీద నవ్వులు. ఆ తరవాత ఖంగుమని ఒక మోత.

"పెట్టామక్కా!"

ఆల్బీనా తోనిక్ వైపు తిరిగి, "ఇప్పుడు చూడు, ఆ ముసలమ్మ మొహం ఎలా మాడిపోతుందో," అంది.

అవతలి నుంచి రైలుకూత వంటి గొంతు ఒకటి వచ్చింది.

"వినిపించింది."

ఆల్బీనా రెండు చేతులా నోరు మూసుకుంది. తొట్టిలోంచి తన గొంతు ఎంత బ్రహ్మాండంగా మోగుతోందో ఆమెకి అప్పుడు తెలిసింది. తోనిక్ బాకాలో మొహం దాచుకున్నాడు. బాకా కూడా నవ్వింది.

"మామ్మగారూ, క్షమించండి..."

"క్షమాపణ తరవాత. ముందు ఇది చెప్పు. మీ కొట్లో గోడ నిండా రికార్డులున్నాయి కదే? ఒక రికార్డు తిప్పి నా మనవడి పెళ్ళి చేసేద్దామనుకున్నావా? బాజావాళ్ళంటే పెళ్ళివారింటి తిండి తినాలి. పెళ్ళికూతురి పేర తాగాలి. అప్పుడు వాయించాలి. తినని బాజాకి ఆడిన పిల్ల కోడలు కాదు. లాద్యా, నా శాలువా ఏదిరా?"

"మామ్మా, మామ్మా!" అని లాద్యా, రూజెనా కలిసి ఏడుపందుకున్నారు.

ముసలమ్మ అన్నది న్యాయమే. అది మా పద్ధతి. తినకుండా వాయించిన బాజాకి ఎవరూ కాలు కదపరు. ఆల్బీనా ఒక్క క్షణం గోడకి ఆనుకుంది. అప్పుడు ముక్కుకి వాసన తగిలింది. గసగసాల ముద్ద పెట్టి కాల్చిన తీపిరొట్టెల వాసన. తల్లి పిండి చేతుల వాసన.

"అమ్మా! ఆ కొలాచీలు ఎవరి కోసం చేశావు?"

"పెళ్ళికేగా. పిండీ వెన్నా వొండ్రావాళ్ళే పంపారు. ఇప్పుడెవరు తింటారో ఏమో."

"మామ్మగారూ, విన్నారా? వొండ్రావారి పిండి, వొండ్రావారి వెన్న. మా అమ్మది చెయ్యి మాత్రమే."

"తింటున్నట్టు నాకెలా తెలుస్తుంది?"

"వినండి మరి!"

బార్బొరా పరుగున పళ్ళెం తెచ్చింది. ముగ్గురూ మాటలగొట్టం చుట్టూ మొహాలు చేర్చారు. ఆల్బీనా తండ్రి చేతిలో ఒకటి పెట్టి, "తిను నాన్నా, గట్టిగా తిను!" అని చెవిలో అరిచింది.

"గట్టిగా తినడమేమిటే?"

"వినబడేలా తినాలి!"

"నాకే వినబడదు కదే!"

అయినా తిన్నాడు. ముగ్గురూ నమిలారు. చప్పరించారు. లొట్టలు వేశారు. ఒక ఇల్లంతా ఊపిరి బిగబట్టి వాషింగ్ మెషీన్‌లోంచి వచ్చే నములుడు విన్నది.

"అది గసగసాలదా, ఆల్‌బుఖారాదా?" అంది మామ్మ.

"నాది గసగసాలది. తోనిక్‌ది ఆల్‌బుఖారా."

"తెలుస్తోంది. అతగాడు గింజ నమిలాడు."

తోనిక్ నోట్లోంచి ఆల్‌బుఖారా గింజ తీసి దాన్ని ఎంతో గౌరవంగా చూశాడు.

"పెళ్ళికూతురి పేర!" అంది ఆల్బీనా. గ్లాసులు గలగలమన్నాయి. తోనిక్ ఒక్క గుక్కలో తాగేశాడు. తొందరలో గాలి కూడా మింగేశాడు. అంత పెద్ద మనిషి, నిండా తిని, నిండా తాగి, మాటలగొట్టానికి జానెడు దూరంలో నిలబడి ఉంటే ఏమవుతుంది? అదే అయింది. ఆ త్రేనుపు డోబ్రావాలో బయలుదేరి, రైలుకట్ట మీది మంచు దాటి, వొండ్రావారి వంటింట్లో సత్తు తొట్టిలో పిడుగులా పడింది.

అవతల గ్లాసులు అదిరాయట. ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. మామ్మ గొంతు సవరించుకుంది.

"అది రికార్డు కాదు," అంది. "పిల్ల ముసుగు తీయండి."

తరవాతదంతా ఆల్బీనా చెవులతోనే చూసింది. ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని, రిసీవర్‌ని తల్లి చేత తన చెవికి పట్టించుకుని వాయించింది. అకార్డియన్ అందుకోగానే అవతల నేల గడగడలాడింది. ఆడవాళ్ళ పాట మొదలైంది. మెల్లగా, దీర్ఘాలు తీస్తూ, ముసుగు తీసేటప్పటి పాట. రూజెనా ముక్కు చీదడం వినిపించింది. రూజెనా తల్లి అంతకన్నా గట్టిగా చీదింది. ఆ వెనక పాట వడి పెరిగింది. తలగుడ్డ ముడి పడినట్టుంది, ఇల్లు కప్పు లేచిపోయేంత కేక. ఆపైన అడుగులు. చిన్నమ్మల అడుగులు, అత్తల అడుగులు, ఎవరిదో బరువైన పాదం ధన్ ధన్‌మని తిరిగి కుర్చీకి తగిలిన మోత. తొట్టి కిందపడబోయిందట, పెళ్ళికొడుకు ఒళ్ళంతా వేసి పట్టుకున్నాడట.

మా జిల్లాలోనే కాదు, మొత్తం నెబ్రాస్కాలో ఇంకెవరైనా గోడకి వాయించి అంత దూరాన పెళ్ళి ఆడించారేమో నాకు తెలియదు. ఎవరైనా ఉంటే వచ్చి చెప్పమనండి.

చుట్టు తరవాత చుట్టు వాయించారు. తోనిక్ మొహం బీట్‌రూట్ అయింది. బార్బొరా ఒక చేత్తో రిసీవర్ పట్టుకుని, రెండో చేత్తో పావడా అంచు పట్టుకుని, ఉన్నచోటే తిరుగుతోంది. అవతల అందరి అడుగులూ ఆగి, ఒకే ఒక జత అడుగులు మిగిలాయి. చిన్నవి. వేగంగా లేవు, కాని ఒక్కటీ తాళం తప్పడం లేదు. పక్కన కర్ర చప్పుడు లేదు.

"మామ్మ ఆడుతోంది!" అంది బార్బొరా గుసగుసగా. "కర్ర పారేసింది!"

పాట అయింది. అడుగులు ఆగాయి. ఆయాసపడుతున్న ముసలి ఊపిరి ఫోను దగ్గరికి వచ్చింది.

"ఆల్బీనా."

"చెప్పండి మామ్మగారూ."

"మీ నాన్న రెండో చరణంలో కిందికి దిగాల్సిన చోట పైకి ఎక్కాడు."

ఇంత దూరం వచ్చి ఇక్కడ పోతుందా? "ఆయన ఎప్పుడూ అంతేనండి. ఎన్నిసార్లు చెప్పినా..."

"చెప్పకు," అంది మామ్మ. "నా పెళ్ళిలో వాళ్ళ నాన్న కూడా అక్కడే ఎక్కాడు. నేను అక్కడే కాలెత్తాను. ఇవాళా ఎత్తాను. మీ నాన్న సరిగ్గా దిగి ఉంటే నేను బోర్లా పడేదాన్ని." కాసేపు ఊపిరి తీసుకుంది. "లాద్యా! బండి కట్టరా. మీ ఆవిడని ఎక్కించు. చలి తగలకుండా నా శాలువా కప్పు."

రూజెనా వేసిన కేక తీగ అక్కర్లేకుండానే ఊళ్ళోకి వినిపించి ఉంటుంది.

"ఏమంది?" అని అడిగాడు మాతేయ్.

"బాగా వాయించావంది నాన్నా!"

"అంది కదా," అన్నాడు మాతేయ్ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

ఇంకా అయిపోలేదు. ఫోనులోంచి మామ్మ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి తనతో కాదు, గదిలోవాళ్ళతో.

"ఆ తొట్టిని ఇక్కడ వదిలేస్తున్నారేమిట్రా? పిల్లతో పాటే రావాలి. దానిలో ఇంకా పాటలుంటాయి. మోయండి!"

తొట్టిలోని బీరంతా పంచుకు తాగిన ఆ నలుగురూ, "ఓ!" అని బయలుదేరిన చప్పుడు వినిపించింది.

"మామ్మగారూ!" అని అరిచింది ఆల్బీనా. "ముందు రిసీవర్ బయటికి తీయమనండి! తీగ గోడకుంది! ఒరేయ్, ఎవరన్నా వినండ్రా! లోపల రిసీవరుంది! రిసీవ..."

తొట్టిలోంచి ఆమె కేకలు పెద్ద గుడిగంటలా మోగే ఉంటాయి. పెళ్ళివారు అది ఇంకో పాటేననుకున్నారు. ఎవరో తాళం కూడా వేశారు. ఆ తరవాత పెళ్ళున ఏదో తెగింది.

అవతల ఇంక ఏ చప్పుడూ లేదు. ఆల్బీనా తల్లి చేతిలోంచి రిసీవర్ తీసుకుని, కొక్కేనికి తగిలించి, తండ్రి చెవి దగ్గర నోరు పెట్టింది.

"నాన్నా! రూజెనా కాపురానికి వెళ్ళిపోయింది!"